కాపలావాడు వచ్చే పేజీ
దారి పక్క విడిది సాహిత్యం మీద కొన్ని ప్రశ్నలు

1

ప్రయాణ సాహిత్యాన్ని స్వేచ్ఛా సాహిత్యంగా చెప్పుకోవడం మన విమర్శకులకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఇల్లు బంధనం, దారి విముక్తి అన్నది వాళ్ళ సూత్రం. ఈ సూత్రం ఎవరి ఇంటిని చూసి, ఎవరి దారిని చూసి తయారైందని అడిగినవాళ్ళు తక్కువ. వాడలో పుట్టినవాడికి ఊరి నడిమధ్యనుంచి పోయే దారి ఏనాడూ విముక్తి కాదు. చెప్పులు విడిచి చేత పట్టుకోవాల్సిన చోటు అది. సైకిలు దిగి నడిపించుకుపోవాల్సిన చోటు. ఎక్కడికి పోతున్నావురా అని అరుగు మీది మనిషి అడిగితే నిలబడి జవాబు చెప్పాల్సిన చోటు. దారి అందరికీ ఒకటి కానప్పుడు దారి సాహిత్యం మాత్రం అందరిదీ ఎట్లా అవుతుంది?

ఈ ప్రశ్నను ఈ వ్యాసంలో కొంచెం దూరం తీసుకుపోతున్నాం. అమెరికా దాకా. అక్కడ ఒక తరహా ప్రయాణానికి పెద్ద పేరుంది. ముందు ఏర్పాట్లేవీ చేసుకోకుండా, రాత్రి ఎక్కడ ఆగుతామో అనుకోకుండా, కారులోనో వ్యానులోనో బయల్దేరతారు. ఏదో ఒక నేషనల్ పార్కు దగ్గరికి చేరతారు. పార్కు లోపల అనుమతించిన చోట్లలో తప్ప గుడారం వెయ్యకూడదు, రోడ్డు పక్క కారాపి పడుకోకూడదు. పేరున్న పార్కుల్లో ఆ చోట్లు నెలల ముందే నిండిపోతాయి. అందుకని సరిహద్దు దాటి బయటికొచ్చి, పక్కనే ఉన్న ప్రభుత్వ భూమిలో మట్టిదారి పట్టుకుని పోయి, ఒక చదును జాగా చూసుకుని పడుకుంటారు. పైసా ఖర్చు లేదు. నేషనల్ ఫారెస్టుల కింద 19 కోట్ల ఎకరాలకు పైగా, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ కింద 24 కోట్ల ఎకరాలకు పైగా భూమి ఉంది. అందులో చాలా భాగం ఇట్లా పడుకోవడానికి తెరిచే ఉంటుంది. సాధారణంగా 14 రోజులు ఉండొచ్చు. నీటి ఒడ్డుకు దూరంగా దిగాలి, చెత్త వెంట తీసుకుపోవాలి, నిప్పు ఆర్పాలి. అంతే నియమాలు.

వినడానికి మంచి ఏర్పాటే. కాదనం. మరి దళిత అధ్యయనాల పత్రికకు దీనితో పనేమిటి? పని ఉంది. మా ఇళ్ళల్లో మొదటిసారి పాస్‌పోర్టు తీసుకున్న తరం ఈరోజు ఆ దేశపు యూనివర్సిటీల్లో ఉంది. సెలవు దొరికితే నలుగురు కలిసి కారు అద్దెకు తీసుకుని ఆ పార్కులకే పోతున్నారు. తిరిగొచ్చి రాస్తున్నారు కూడా. ఆ రాతల్లో స్వేచ్ఛ, ప్రకృతి, ఖాళీ నేల, ఉచితం అన్న మాటలు అట్లాగే దిగుమతి అవుతున్నాయి. ఆ మాటల వెనక ఎవరి చరిత్ర ఉందో చూడకుండా వాడితే, మనల్ని వెలివేసిన చూపునే మన కళ్ళకు పెట్టుకున్నట్టవుతుంది. మేము భయపడేది దానికే.

ఈ సాహిత్యాన్ని చదవడానికి ఒక చిన్న పద్ధతి ప్రతిపాదిస్తున్నాం. ఏ ప్రయాణ పుస్తకమైనా తెరవండి. అందులో కాపలావాడు వచ్చే పేజీ వెతకండి. ఇక్కడ పడుకోవడానికి వీల్లేదు అని ఎవడో ఒకడు వచ్చి చెప్పే పేజీ. ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. ఆ ప్రయాణికుడు ఎవరో, ఆ పుస్తకం ఎవరిదో అక్కడ తేలిపోతుంది. ప్రకృతి వర్ణన వంద పేజీలు చదివినా తెలియని సంగతి ఆ ఒక్క పేజీ చెప్తుంది.

2

జాన్ స్టైన్‌బెక్ 'ట్రావెల్స్ విత్ చార్లీ' 1962లో వచ్చింది. 1960లో ఒక ట్రక్కు మీద చిన్న గది కట్టించుకుని, చార్లీ అనే కుక్కను వెంటబెట్టుకుని ఆయన దేశమంతా తిరిగాడు. దారి పక్క విడిది సాహిత్యంలో ఇప్పటికీ ముందు చెప్పే పేరు ఇదే. స్టైన్‌బెక్ మామూలు రచయిత కాదు. పొట్ట చేత పట్టుకుని కాలిఫోర్నియాకు పోయిన రైతుకూలీల బతుకును నవలగా రాసినవాడు. దారి పక్క డేరా అంటే ఆకలి అని తెలిసినవాడు. అందుకే ఈ పుస్తకాన్ని జాగ్రత్తగా చదవాలి.

అందులో ఒక రాత్రి ఆయన ఒక ప్రైవేటు చెరువు ఒడ్డున బండి ఆపుతాడు. కాపలా కుర్రాడొకడు వస్తాడు. ఇది ఫలానావాళ్ళ జాగా, ఇక్కడ ఉండకూడదంటాడు. స్టైన్‌బెక్ తగువు పడడు. కాఫీ ఇస్తాడు, అందులో కాస్త విస్కీ పోస్తాడు. కాపలావాడు కూర్చుంటాడు, మాటల్లో పడతాడు. పొద్దున ఇద్దరూ కలిసి చేపలు పట్టడానికి పోతారు. హాయిగా చదివించే పేజీ. మానవ సంబంధాలు కంచెలను దాటుతాయని మెచ్చుకోవడానికి పనికొచ్చే పేజీ. అయితే ఒక ప్రశ్న. ఆ ట్రక్కు తలుపు తీసింది ఒక నల్ల మనిషి అయితే ఆ కాఫీ ఎవరు తాగేవాళ్ళు?

ఇది మేము బయటినుంచి తెచ్చిపెట్టిన ప్రశ్న కాదు. పుస్తకమే అడుగుతుంది. బయల్దేరేముందు స్టైన్‌బెక్ తుపాకులూ చేపల గాలాలూ బండిలో పెట్టుకుంటాడు. వేటకో చేపలకో పోతున్నాడంటే ఎవరూ ఎందుకని అడగరని ఆయన లెక్క. అంటే ఉద్దేశం లేని ప్రయాణానికి కూడా ఒక ఉద్దేశం చూపించాలని ఆయనకు తెలుసు. తెల్లవాడి బండిలో తుపాకీ ఉంటే అనుమానం పోతుంది. నల్లవాడి బండిలో అదే తుపాకీ ఉంటే ప్రాణం పోతుంది. ఈ రెండో వాక్యం ఆయన రాయలేదు. మనం చదువుకోవాలి.

పుస్తకం చివరి భాగంలో, దక్షిణాదిలో, ఆయన పక్క సీట్లో కూర్చున్న కుక్కను దూరంనుంచి చూసి నల్లవాడనుకున్నామని తెల్లవాళ్ళు వేళాకోళమాడతారు. ఒకరు కాదు, ఒకచోట కాదు, మళ్ళీమళ్ళీ అదే వేళాకోళం. అదే ప్రాంతంలో దారి పక్క నడుస్తున్న ఒక ముసలి నల్ల కూలీని ఆయన బండి ఎక్కించుకుంటాడు. మంచి మనసుతో ప్రశ్నలు అడుగుతాడు. ఆ ముసలాయన కాసేపట్లోనే మా ఇల్లిక్కడే అని దిగిపోతాడు. అద్దంలో చూస్తే మళ్ళీ అదే దారిలో నడుస్తూ కనిపిస్తాడు. ఇల్లు అక్కడ లేదు. తెల్లవాడి బండిలో కూర్చోవడంకన్నా నడకే క్షేమమని దిగాడు. స్టైన్‌బెక్ ఆ సంగతి గ్రహిస్తాడు, నిజాయితీగా రాస్తాడు. మేము ఆయనను గౌరవించేది అక్కడే. తన స్వేచ్ఛ పక్కనే ఇంకొకరి భయం నడుస్తోందని ఆయన అద్దం చూపించింది. కానీ ఆ ముసలాయన రాత్రి ఎక్కడ పడుకున్నాడో పుస్తకానికి తెలియదు. తెలుసుకునే వీలూ లేదు.

3

ఆ ముసలాయన వైపునుంచి రాసిన పుస్తకం ఒకటుంది. సాహిత్య చరిత్రలో దాన్ని సాహిత్యమనరు. హార్లెంలో ఉండే విక్టర్ హ్యూగో గ్రీన్ అనే నల్లజాతి తపాలా ఉద్యోగి 1936లో మొదలుపెట్టిన 'గ్రీన్ బుక్'. నల్లవాళ్ళను ఏ ఊళ్ళో ఏ హోటలు రానిస్తుంది, ఏ ఇల్లు రాత్రికి గది ఇస్తుంది, ఎక్కడ పెట్రోలు పోస్తారు, ఎక్కడ జుట్టు కత్తిరిస్తారు అని ఊరూరి జాబితా. 1960ల నడుమ దాకా కొత్త సంచికలు వచ్చాయి. అందులో వర్ణన లేదు, తత్వం లేదు, సూర్యాస్తమయం లేదు. ఊరి పేరు, వీధి పేరు, ఇంటి నంబరు. అంతే.

మా దృష్టిలో ఇది అమెరికా దారి సాహిత్యంలో ముఖ్య గ్రంథం. ఎందుకంటే ప్లాను లేకుండా బయల్దేరడం అన్నది మనిషి స్వభావం కాదని, అది సామాజిక ఆస్తి అని ఇంత సూటిగా చెప్పిన పుస్తకం ఇంకోటి లేదు. తెల్లవాడికి ప్లాను లేకపోవడం సాహసం. నల్లవాడికి ప్లాను లేకపోవడం ఆత్మహత్య. పొద్దుగూకాక నల్లవాడు కనిపిస్తే ఊరుకోని పట్టణాలు ఆ దేశంలో ఎన్నో ఉండేవి. జేమ్స్ లోవెన్ 2005లో వాటి మీద పెద్ద పుస్తకమే రాశాడు. అందుకే ఆ కుటుంబాలు అన్నం మూటలు, తాగే నీళ్ళు, అదనపు పెట్రోలు అన్నీ బండిలోనే పెట్టుకుని బయల్దేరేవి. సద్దిమూట కట్టుకుని, ఎవరి బావి దగ్గరా ఆగకుండా పొయ్యే మన పెద్దల ప్రయాణం గుర్తు రాకుండా ఉంటుందా?

ఇది ఒట్టి హోటళ్ళ సంగతే అనుకోవద్దు. దేశ ప్రజలందరి సొత్తు అని చెప్పే నేషనల్ పార్కుల్లోనూ ఇదే వరస. వర్జీనియాలోని షెనాండోవా పార్కులో లూయిస్ మౌంటెన్ అనే చోటును 1939లో నల్లవాళ్ళకోసం విడిగా తెరిచారు. వాళ్ళ గుడారాలు అక్కడే, వాళ్ళ భోజనం అక్కడే. ఆ విభజన పూర్తిగా పోయేసరికి 1950 వచ్చింది. అడవికి కూడా వెలివాడ కట్టారు. ఈ మాట అతిశయోక్తి అనేవాళ్ళు ఆ పార్కు చరిత్ర చదువుకోవచ్చు.

కరోలిన్ ఫిన్నీ 2014లో రాసిన 'బ్లాక్ ఫేసెస్, వైట్ స్పేసెస్' ఈ విషయం మీద మంచి పరిశోధన. నల్లవాళ్ళు అడవులకూ పార్కులకూ తక్కువగా వస్తారు, వాళ్ళకు ప్రకృతి అంటే ఆసక్తి లేదు అన్న తేలిక మాటను ఆమె తిప్పికొట్టింది. బానిసత్వం, విభజన చట్టాలు, చెట్లకు ఉరితీసిన మూకలు, వీటి జ్ఞాపకం ఆ జాతికీ అడవికీ మధ్య నిలబడి ఉందని చూపించింది. మనవాళ్ళకు కళాభిరుచి లేదు, విహారం తెలియదు అని అనేవాళ్ళకు ఇదే జవాబు. అభిరుచి లేక కాదు. చెట్టు కింద కూర్చుంటే లేపి కొట్టిన చేతులు గుర్తుండి.

4

ఇప్పుడు ఉచితం అన్న మాట చూద్దాం. ఒకే ఒక్క చోటు తీసుకుంటాం. సౌత్ డకోటాలో బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్కు. దాని ఉత్తరపు అంచున, వాల్ అనే చిన్న పట్టణం దగ్గర, బఫెలో గ్యాప్ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ అనే ప్రభుత్వ గడ్డిభూమి ఉంది. రోడ్డు దిగితే చాలు, లోయ అంచున బండి నిలుపుకుని ఉచితంగా పడుకోవచ్చు. పార్కుల పక్క ఉచిత విడిదుల్లో బాగా పేరు పడ్డ చోటు. తెల్లారి తలుపు తీస్తే ఎదురుగా ఆ మట్టి శిఖరాలు. చూసినవాళ్ళందరూ అందంగా ఉందనే చెప్తారు. ఉంటుంది.

ఈ నేల ఉచితం ఎట్లా అయింది? 1868లో ఫోర్ట్ లారమీ ఒప్పందం ప్రకారం మిసోరి నదికి పడమర ఉన్న ఈ ప్రాంతం లకోటాల నేల. ఒప్పందం మీద ప్రభుత్వం సంతకం ఉంది. దగ్గర్లోని బ్లాక్ హిల్స్‌లో బంగారం బయటపడగానే 1877లో ఆ కొండలు లాక్కున్నారు. 1889లో మిగతా నేలను ముక్కలు చేసి, మిగులు భూమి అని పేరు పెట్టి, తెల్ల వలసదారులకు తెరిచారు. హోంస్టెడ్ చట్టం కింద ఇంటికి 160 ఎకరాలు. అది మొదటి ఉచితం. వానల్లేని ఆ నేల దున్నకానికి నిలవలేదు. 1930ల కరువులో రైతులు దివాలా తీస్తే ప్రభుత్వమే ఆ భూములు కొని గడ్డిభూములు చేసింది. ఇప్పుడు అక్కడ యాత్రికుడు ఉచితంగా పడుకుంటున్నాడు. ఇది రెండో ఉచితం. నేల చేతులు మారిన ప్రతిసారీ ప్రభుత్వం దగ్గర డబ్బో చట్టమో ఉంది. అసలు యజమానికి తిరిగివ్వాలన్న ఆలోచన మాత్రం ఏ చట్టంలోనూ లేదు.

అదే పార్కులో లూప్ రోడ్డు మీద బిగ్ ఫుట్ పాస్ అని ఒక మలుపు ఉంది. యాత్రికులు ఆగి ఫొటోలు తీసుకునే చోటు. 1890 డిసెంబరులో బిగ్ ఫుట్ అనే లకోటా పెద్ద తన జనంతో, ఆడవాళ్ళూ పిల్లలూ కలిసి సుమారు 350 మందితో, చలిలో ఈ కనుమ దిగి దక్షిణానికి పోయాడు. దారిలో సైన్యం అటకాయించి వాళ్ళను వూండెడ్ నీ వాగు దగ్గర విడిది చేయించింది. 29వ తేదీ పొద్దున ఆ డేరాల మధ్యే కాల్పులు. 250 మందికి పైగా చనిపోయారు. విడిది అన్న మాటకు ఆ నేల మీద ఉన్న అర్థం ఇది. పార్కు అంచున ఈరోజు ఉచితంగా పడుకునేవాడి పుస్తకంలో కాపలావాడు వచ్చే పేజీ ఉండదు. ఎందుకుండదు? కాపలావాడి పని 1890లోనే అయిపోయింది కాబట్టి.

అక్కడితోనూ ఆగలేదు. 1942లో యుద్ధం పేరు చెప్పి పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో లక్షల ఎకరాలు తీసుకుని బాంబులు వేసే అభ్యాసానికి వాడుకున్నారు. వందకు పైగా కుటుంబాలు ఇళ్ళు వదిలిపోయాయి. ఆ నేలలో కొంత భాగం తర్వాత బ్యాడ్‌ల్యాండ్స్ పార్కులో దక్షిణ విభాగమైంది. బ్లాక్ హిల్స్ సంగతి 1980లో సుప్రీంకోర్టు దాకా పోయింది. నష్టపరిహారంగా 10 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాలని తీర్పు వచ్చింది. లకోటాలు ఆ డబ్బు ముట్టుకోలేదు. మాకు కొండలు కావాలన్నారు. పేదవాళ్ళు డబ్బు వద్దంటే అమాయకత్వం అనుకునేవాళ్ళకు ఇది అర్థం కాదు. భూమికీ అస్తిత్వానికీ ఉన్న సంబంధం తెలిసినవాళ్ళకు వెంటనే తెలుస్తుంది.

యోసెమిటీ కథ కూడా వేరు కాదు. 1851లో సాయుధ దళం పోయి అవానీచీ జనాన్ని లోయనుంచి తరిమి, గుడిసెలు తగలబెట్టింది. మిగిలినవాళ్ళు పార్కులో కూలీలుగా బతికారు. 1969లో వాళ్ళ చివరి ఇళ్ళను పార్కు అధికారులు మంటలార్పే శిక్షణకోసం తగలబెట్టారు. ముందు మనుషుల్ని తీసేసి, ఆ తర్వాత మనుషులు లేని ప్రకృతి అని పేరు పెట్టడం. ఈ సౌందర్య దృష్టిని మేము అంగీకరించం.

5

జెస్సికా బ్రూడర్ 'నోమాడ్‌ల్యాండ్' 2017లో వచ్చింది. 2008 ఆర్థిక సంక్షోభంలో ఇళ్ళు పోగొట్టుకుని, చాలని పింఛనుతో, వ్యాన్లలో బతుకుతున్న ముసలివాళ్ళ గురించిన పుస్తకం. అమెజాన్ గోదాముల్లో, చక్కెర దుంపల కోతల్లో, పార్కుల విడిది స్థలాల్లో వాళ్ళు రుతువును బట్టి కూలి చేస్తారు. యాత్రికుడు హాయిగా నిద్రపోయే చోట మరుగుదొడ్డి కడిగేది డెబ్భై ఏళ్ళ కూలీ అని ఈ పుస్తకం చూపించింది. రాత్రి బండి తలుపు తట్టే చప్పుడు అంటే వాళ్ళకు ఎంత భయమో కూడా రాసింది. ఈ ఉద్యమంలో దాదాపు అందరూ తెల్లవాళ్ళే ఎందుకున్నారని బ్రూడర్ తనకు తానే ప్రశ్న వేసుకుంది. రంగును చూసి ఆపే పోలీసులున్న దేశంలో నల్లవాడు బండిలో నివసించడం పెద్ద ప్రమాదమని గుర్తించింది. అదే ఆ పుస్తకం విలువ.

క్లోయీ జావ్ 2020లో దీన్ని సినిమా తీసింది. 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. సినిమాలోనూ కాపలావాడు వస్తాడు. వ్యాను తలుపు దబదబా కొట్టి ఇక్కడ పడుకోకూడదంటాడు. ఫెర్న్ పాత్ర ఉలిక్కిపడి, వెళ్ళిపోతున్నానంటుంది. వెళ్ళిపోతుంది. అంతటితో సరి. ఆమెకు ఇంకో చోటు దొరుకుతుందని మనకు తెలుసు. బ్రూడర్ అడిగిన రంగు ప్రశ్న సినిమాకు రాలేదు. గోదాము పని కూడా కష్టంగా కాక ఒక దశలాగా గడిచిపోతుంది.

ఇంకో సంగతి మమ్మల్ని ఎక్కువ బాధించింది. సినిమాలో ఫెర్న్ పని చేసేది బ్యాడ్‌ల్యాండ్స్ పార్కులోనూ, వాల్ పట్టణంలోనూ. మేము పైన చెప్పిన నేల మీదే. ఈ దర్శకురాలికి ఆ నేల కొత్త కాదు. ఆమె మొదటి సినిమా, రెండో సినిమా పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో, లకోటాల మధ్య తీసినవే. ఆ మనుషులు తెలిసి కూడా ఈ సినిమాలో ఆ కొండలను ఒక తెల్ల స్త్రీ దుఃఖానికి వెనక పరదాగా వాడుకుంది. ఇల్లు పోయిన మనిషి కథను, ఇళ్ళు పోగొట్టుకున్న ఒక జాతి నేల మీద, ఆ జాతి ప్రస్తావన లేకుండా చెప్పింది. ఫెర్న్ దుఃఖం అబద్ధం కాదు. కానీ ఆ దుఃఖానికి అంత విశాలమైన ఖాళీ జాగా ఎక్కడినుంచి వచ్చిందో సినిమా అడగదు. పీడితుల్లో ఒకరి కథ చెప్పడానికి ఇంకొకరిని చెరిపెయ్యాల్సిన పని లేదు. మన కథల్లోనూ ఈ జాగ్రత్త అవసరం.

ఇక చట్టం. ఆరెగాన్ రాష్ట్రంలో గ్రాంట్స్ పాస్ అనే ఊరు ఉంది. చుట్టుపక్కల నేషనల్ ఫారెస్టు భూములున్నాయి. అక్కడ కారులో వచ్చినవాడు దుప్పటి పరిస్తే క్యాంపింగ్, వినోదం. ఊళ్ళో పార్కులో ఇల్లు లేనివాడు అదే దుప్పటి పరిస్తే అదీ క్యాంపింగే, కానీ నేరం. ఈ కేసు నాటికి జరిమానా 295 డాలర్లు ఉండేది. కట్టలేకపోతే ఇంకా పెరిగేది, మళ్ళీ దొరికితే జైలు దాకా పోయేది. ఇది అన్యాయమని ఇల్లు లేనివాళ్ళు కోర్టుకు పోయారు. 2024 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఊరి పక్షాన తీర్పు చెప్పింది.

అదే దుప్పటి, అదే నిద్ర, అదే మాట. తేడా ఎక్కడుంది? తిరిగి పోవడానికి ఇల్లున్నవాడి నిద్ర విహారం, లేనివాడి నిద్ర నేరం. 14 రోజుల నియమం కూడా ఇట్లాంటిదే. ఇల్లున్నవాడికి అది ధారాళం. లేనివాడికి అది నోటీసు. కాబట్టి ఉచిత విడిది నిజంగా ఉచితం కాదు. ఎక్కడో ఒక ఇంటి తాళం చెవి జేబులో ఉండాలన్నది రాయని షరతు.

6

ఇది పరాయి దేశం గొడవ అని పక్కన పెట్టే వీలు మనకు లేదు. తెలుగులో యాత్రాచరిత్ర మొదలైందే దారి పక్క విడిదితో. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసునుంచి బయల్దేరి కాశీ పోయి 1831లో తిరిగొచ్చాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. ప్రతి మజిలీలో నీళ్ళెట్లా ఉన్నాయి, దిగడానికి జాగా ఉందా, బ్రాహ్మణ ఇళ్ళున్నాయా అని శ్రద్ధగా రాశాడు. ఆ కాలపు దారులు తెలుసుకోవడానికి విలువైన పుస్తకం. కానీ పల్లకీ మోసిన బోయీలు ఆ రాత్రులు ఏం తిన్నారు, ఎక్కడ వాలారు అన్నది ఆ యాత్ర చరిత్ర కాదు. మోసినవాడి కాళ్ళతో నడిచిన పుస్తకం, ఎక్కినవాడి కళ్ళతో రాసిన పుస్తకం.

అదే దారుల్లో గాడిదల మీద ఉప్పూ ధాన్యం వేసుకుని తిరిగి, ఊరి బయట గుడిసె వేసుకున్న ఎరుకలవాళ్ళ సంగతేమైంది? 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికీ అమలైంది. ఎరుకలను పుట్టుకతో నేరస్థులన్నారు. హాజరు వెయ్యాలన్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఆ చట్టం కింద వెలసిన స్థావరం. చట్టం 1952లో రద్దయింది గానీ ఆ ఊరి పేరు మీద పడ్డ ముద్ర రద్దు కాలేదు. ఒక కులం ముందు ఆలోచన లేకుండా తిరిగితే యాత్ర, ఇంకో కులం బతుకుతెరువుకు తిరిగితే నేరం. గ్రాంట్స్ పాస్ న్యాయం మనకు కొత్తది కాదు.

నల్లమలలో చెంచులు పులి పేరు పెట్టకముందునుంచీ ఉన్నారు. 1983లో అది పులుల అభయారణ్యమైంది. పెంటలను అడవి బయటికి తరలించే ప్రతిపాదనలు ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం పుస్తకంలో ఉంది. యాత్రికుడు సఫారీ బండిలో లోపలికి పోతున్నాడు. చెంచుకు బయటి దారి చూపిస్తున్నారు. యోసెమిటీ లోయ ఎక్కడో లేదు.

ఈ నేపథ్యంలో అంబేద్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ను దారి సాహిత్యంగా చదవాలని మా ప్రతిపాదన. దాన్ని మనం ఆత్మకథ ముక్కగా, అంటరానితనానికి సాక్ష్యంగా చదువుతూ వచ్చాం. అది సరైనదే. కానీ పేరులోనే వీసా ఉంది. ఇది ప్రయాణాల పుస్తకం. 1901లో తండ్రిని చూడ్డానికి బయల్దేరిన పిల్లలు రైలు దిగి, ఎవరూ బండి కట్టకపోతే రెట్టింపు కిరాయి ఇచ్చి తామే తోలుకుంటూ పోయారు. రాత్రి సుంకం వసూలు చేసే గుడిసె దగ్గర ఆగారు. మూటలో అన్నం ఉంది, తాగడానికి నీళ్ళు దొరకలేదు. తినకుండానే దారి పక్కన రాత్రి గడిపారు. విడిది పుస్తకాలన్నీ మొదట చెప్పేది నీళ్ళ సంగతే. నీళ్ళెక్కడున్నాయో వాళ్ళు చెప్తారు. నీళ్ళు ఎవరి చేతిలో ఉన్నాయో ఈయన చెప్పాడు.

రెండో ప్రయాణం 1934లో. ఇది అవసరానికి చేసింది కాదు, అచ్చంగా విహారం. ఉద్యమంలోని సహచరులు చుట్టుపక్కల చూసొద్దాం అంటే సుమారు 30 మంది బస్సు మాట్లాడుకుని వేరూళ్ళ బౌద్ధ గుహలకు బయల్దేరారు. దారిలో గొడవలెందుకని ఎవరమో చెప్పుకోకుండా పోదామనుకున్నారు. నిజాం రాజ్యంలోని దౌలతాబాదు కోట దగ్గర, ద్వారం పక్క చెరువులో దుమ్ము కడుక్కున్నారు. ఒక ముసలి ముస్లిం పరుగెత్తుకొచ్చి నీళ్ళు మైలపరిచారని తిట్టాడు. గుంపు చేరింది. హిందువుకు అంటరానివాడు ఇంకెవరికీ అంటరానివాడు కాదన్న భ్రమ అక్కడ పోయింది. వాదన తర్వాత కోట చూడనిచ్చారు. ఒక షరతు మీద. లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకుండా చూడ్డానికి సాయుధ సిపాయి ఒకడు వెంట నడిచాడు.

ఇక్కడ కాపలావాడి పేజీ పక్కపక్కన పెట్టి చదవండి. స్టైన్‌బెక్ కాపలావాడు కాఫీ తాగి స్నేహితుడయ్యాడు. ఫెర్న్ కాపలావాడు తలుపు కొట్టి పోయాడు. అంబేద్కర్ కాపలావాడు తుపాకీ పట్టుకుని చివరిదాకా వెంట నడిచాడు. లండన్‌లో, న్యూయార్క్‌లో చదివిన మనిషి వెంట, అనుమతి ఇచ్చాక కూడా. ఈ మూడు పేజీలూ కలిపి చదవకుండా ప్రయాణ స్వేచ్ఛ మీద రాసే ఏ సిద్ధాంతమూ మాకు చెల్లదు.

7

ఆఖరికి విహారం కూడా మీకు తప్పేనా అని అడిగేవాళ్ళున్నారు. మా వాదన దానికి నేరుగా వ్యతిరేకం. 1934 నాటి ఆ 30 మంది పోయింది విహారానికే. పని లేకుండా, ఎవరి పిలుపూ లేకుండా, చూడ్డానికి మాత్రమే దారి పట్టే హక్కు మనుషులందరికీ ఉందని వాళ్ళు బస్సెక్కి చెప్పారు. గొడ్డుచాకిరీకి తప్ప ఊరు దాటనివ్వని వ్యవస్థలో విహారం కూడా తిరుగుబాటే. మా పిల్లలు పోవాలి. కొండలు చూడాలి, నక్షత్రాల కింద పడుకోవాలి. ఆ ఆనందాన్ని ఎవరి దయగానో కాక హక్కుగా అనుభవించాలి.

అయితే రాసేటప్పుడు వాళ్ళ కలం మనదై ఉండాలి. ఖాళీ నేల అని రాసేముందు అది ఎప్పుడు, ఎవరు ఖాళీ చేయించింది అని ఒక వాక్యం రాయాలి. ఉచితం అని రాసేముందు మూల్యం ఎవరు కట్టారో రాయాలి. పొద్దున శుభ్రంగా ఉన్న విడిది స్థలాన్ని రాత్రి ఎవరు ఊడ్చారో చూడాలి. ఏ పోలీసూ ఆపకపోతే ఎందుకు ఆపలేదో, ఎవరిని ఆపుతాడో ఆలోచించాలి. విద్యార్థి వీసా మీద ఉన్న గోధుమరంగు మనిషికి ఆ దారి మీద ఎంత చనువు ఉందో, ఎంత లేదో దాచకుండా చెప్పాలి. ఇది అందాన్ని చెడగొట్టడం కాదు. అందానికి చరిత్ర కలపడం.

వేరే రకం కాపలా సాధ్యమేనని కూడా ఆ దేశమే చూపిస్తోంది. గ్రాండ్ కాన్యన్‌లో హవసుపాయి తెగను 1882లో 518 ఎకరాలకు కుదించారు. వాళ్ళు దాదాపు వందేళ్ళు కొట్లాడారు. 1975లో సుమారు 1,85,000 ఎకరాలు తిరిగి తెచ్చుకున్నారు. ఈరోజు ఆ జలపాతాల దగ్గర గుడారం వెయ్యాలంటే హవసుపాయిల అనుమతి ముందే తీసుకోవాలి, వాళ్ళకే రుసుము కట్టాలి. దారి పక్క ఊరికే పడుకోవడం కుదరదు. స్వేచ్ఛ పోయిందని కొందరు యాత్రికులు గొణుక్కోవచ్చు. మాకు మాత్రం అక్కడ స్వేచ్ఛ మొదలైనట్టు కనిపిస్తోంది. ఆ నేల మీద కాపలావాడు ఉన్నాడు. ఈసారి ఆ ఇల్లు అతనిదే.